పాతయేరు కింద చోటు లేదు

మఖ కార్తె, మొదటి పాదం

మూడో ఇంకుడు బావి కేసింగ్ పైపు ఇప్పుడు నా నడుము దాకా వచ్చింది. నేను ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పుడు మోకాలి ఎత్తే ఉండేది. పైపు చుట్టూ పోసిన సిమెంటు దిమ్మె గాలిలో వేలాడుతోంది. దాని కింద కుక్కలు పడుకుంటున్నాయి. బావులు కడిగే ఎర్రిస్వామి ఆ దిమ్మె మీద టిఫిన్ పెట్టుకుని నిలబడి తింటున్నాడు.

"ముందర దీని మీద కూచునేవాణ్ని మేడం. ఇప్పుడు ఎక్కాలంటే నిచ్చెన కావాల" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

పైపు పెరగలేదు. నేల దిగింది. పైపు అడుగు గట్టి రాతిలో పాతుకుని ఉంది కనుక అది ఉన్నచోటే ఉంది. చుట్టూ ఉన్న ఊరే కిందికి పోతోంది. ఈ సంగతి నీటి పరిషత్తుకు రాస్తే జవాబు ఇలా వచ్చింది: "పైపుకు పసుపు రంగు వేయించి, ఎవరికీ తగలకుండా కంచె కట్టించండి." ఆ కాగితాన్ని చింపి పారేద్దామనుకున్నాను. చింపలేదు, గోడకు అంటించాను. రోజూ కనిపించాలి.

పొద్దున్నే తేమపెట్టె వంచితే చెంబుడు నీళ్ళు వచ్చాయి. ఉతికిన బట్టల్లోంచీ, వంటింటి ఆవిరిలోంచీ అది కూడబెట్టిన నీళ్ళు. గిన్నె మీద మూత పెట్టకపోతే ఇక్కడ జరిమానా. మా ముత్తవ్వ చిన్నప్పుడు నీళ్ళు ఆకాశం కింద నిలబడి ఉండేవట. ఇప్పటి ఎండ వాటిని నిలవనివ్వదు. దాదాపు ఏడాది వానంతా ఉత్తర, హస్త కార్తెల్లో ఒక్క ఊపున కురిసి పోతుంది. ఆ వరదను ఇంకుడు బావుల గుండా నేలలోకి దింపుకుని, మిగతా ఏడాదంతా తోడుకుని బతుకుతాం.

ఊరి కింద ఎప్పుడో పూడిపోయిన ఏరొకటి ఉంది. ఇసుక, ఆ ఇసుక మధ్య మధ్య బంకమన్ను పొరలు. పాతయేరు అన్న పేరు దాన్నించే వచ్చింది. ఆ మట్టి రేణువుల సందుల్లోనే ఇంత మందిమీ బతుకుతున్నాం. ఆ సందులు మూసుకుపోతున్నాయని చెప్పడమే నేల పరిశీలకురాలిగా నా ఉద్యోగం. వినడం ఎవరి ఉద్యోగమో నాకు తెలియదు.


మఖ, నాలుగో పాదం

పంపుహౌస్ పక్కన కొత్తగా బోరు దింపి బంకమన్ను ముక్క పైకి తీయించాను. స్టోరు గదిలో ఊరు పుట్టిన ఏడు తీసిన ముక్క ఇంకా భద్రంగా ఉంది. రెండింటినీ నానబెట్టి తూచాను, పొయ్యిలో ఎండబెట్టి మళ్ళీ తూచాను. పాత ముక్కలో సగం మట్టి, సగం ఖాళీ. కొత్త ముక్కలో ఖాళీ మూడో వంతు కూడా లేదు. ఒకే పొర, ఒకే మట్టి.

ఇసుకలో కంటే బంకమన్నులోనే ఖాళీ ఎక్కువ అంటే ఎవరూ నమ్మరు. ఇసుక గింజలు గుండ్రంగా ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. వాటి సందులు పెద్దవి, నీళ్ళు సులువుగా వస్తాయి, పోతాయి. బంకమన్ను రేకులు రేకులుగా ఉంటుంది. ఆ రేకులు అడ్డదిడ్డంగా నిలబడి నడుమ బోలెడు నీటిని పట్టి ఉంచుతాయి, కానీ వదలవు. ఆ నీళ్ళే వాటికి ఆసరా. అద్దాల ఫ్యాక్టరీ మూడు వేసవులుగా లోతు బోర్లతో ఆపకుండా పీల్చింది. ఇసుకలో నీటి ఒత్తిడి పడిపోయేసరికి బంకమన్నులో నీళ్ళు కూడా బయటికి రాక తప్పలేదు. ఆసరా పోయింది, రేకులు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. వాటి మీదున్న ఊరు కూడా అంత కిందికి దిగింది.

నివేదిక పంపిన సాయంత్రమే పరిషత్తు ముఖ్య ఇంజినీరు శ్రీహర్ష ఫోను చేశాడు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"మౌలాబీ గారూ, మీ నివేదిక చూశాను. భాష కాస్త తగ్గించి ఉంటే బాగుండేది. 'దోపిడీ' అని రాశారు."

"కింద ఎంత చోటు పోయిందో కూడా రాశాను. అది చదివారా?"

"భూమిక లెక్క ప్రకారం చోటేమీ తగ్గలేదు కదా."

భూమిక అంటే పరిషత్తు వాళ్ళ లెక్క యంత్రం. ఏ ఊరి కింద ఎన్ని నీళ్ళు పడతాయో, ఎవరు ఎంత తోడవచ్చో అదే చెబుతుంది. దాని మాట మీద ఇక్కడ కుళాయిలు తిరుగుతాయి.

"భూమికకు ఆ అంకె ఇచ్చింది మనుషులండీ. ఊరు పుట్టినప్పుడు ఇచ్చారు. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. పైగా బంకమన్నులోని ఖాళీని కూడా నింపుకునే చోటుగానే లెక్కగట్టారు."

"ఫ్యాక్టరీ అంత తోడినా మూడేళ్ళుగా నీటిమట్టం పెద్దగా పడలేదు. నేల మనమీద దయ చూపింది."

"దయ కాదు సార్. బంకమన్నును పిండి తాగారు. అందుకే పడలేదు. ఆ నీళ్ళు ఒక్కసారి వచ్చేవే. మళ్ళీ రావు, మళ్ళీ పట్టవు కూడా."

"వానలు వస్తున్నాయి. దింపండి, నిండుతుంది" అన్నాడు, చంటిపిల్లను బుజ్జగించినట్టు. ఫోను పెట్టేశాక నేను ఆ గదిలో ఒక్కదాన్నే చాలాసేపు ఆయనకు జవాబులు చెబుతూ తిరిగాను.


పుబ్బ కార్తె, రెండో పాదం

మొదటి వాన. వరద కాలువలో మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. అసలు వరదకు ముందు పరీక్షగా కొన్ని నీళ్ళు దింపి చూడడం ఆనవాయితీ. బావుల మూతలు తీయించి వదిలాం. మొదటి బావి కాసేపు మింగి ఆగింది. రెండోది తాగనే లేదు. మూడోదాంట్లోంచి నీళ్ళు బుడగలు కక్కుతూ వెనక్కి పొంగి కింది వీధిలోకి పారాయి. కింది వీధి అసలే దిగి గిన్నెలా తయారైంది. మురుగు కాలువలు కూడా వెనక్కి పారుతున్నాయి. జనం ఇళ్ళలోంచి బియ్యం, పరుపులు బయటికి తెచ్చుకున్నారు.

పరిషత్తు జవాబు మధ్యాహ్నానికల్లా వచ్చింది. బావులు తాగకపోవడానికి కారణం పూడిక. పూడిక తీయకపోవడం ఎర్రిస్వామి నిర్లక్ష్యం. "నీటికి ద్రోహం" అన్న నేరం కింద అతన్ని పంపుహౌస్ దగ్గరే పట్టుకున్నారు. చేతులు కడుక్కోవడానికి కూడా సమయం ఇవ్వలేదు. మోచేతుల దాకా బురదతోనే బండెక్కించారు.

"నేను కడిగినా సారూ, అడుగు దాకా కడిగినా. మేడంను అడగండి" అంటున్నాడు.

"కడిగాడు. నేనే పైనుంచి తాడు పట్టుకున్నాను" అన్నాను.

ఎస్సై నా మాట వినలేదు. వినాల్సిన పని అతనికి లేదు. కాగితంలో పేరు ఉంది, మనిషి దొరికాడు.

నేరం చేసినవాడి ఫ్యాక్టరీకి ఊరి తూర్పున గుండ్రాళ్ళ బయలు మీద గోడ కట్టి మరీ స్థలం ఇచ్చారు. ఆ నేరం కప్పిపెట్టడానికి బావిలో దిగే మనిషిని పట్టుకుపోయారు. ఇది రాస్తుంటే పెన్ను కాగితాన్ని చీలుస్తోంది.


పుబ్బ, నాలుగో పాదం

ఇవాళ సామూహిక భవనంలో విచారణ. ఊరంతా వచ్చింది. శ్రీహర్ష తెర మీద భూమిక గీసిన బొమ్మ చూపించాడు. ఊరి కింద నీలం రంగులో పెద్ద ఖాళీ గిడ్డంగి. "ఇంత చోటు ఉంది. ద్వారాలే మూసుకున్నాయి. తెరిపిద్దాం" అన్నాడు. జనం తలలు ఊపారు. అంత అందమైన బొమ్మ చూస్తే నేనైనా ఊపేదాన్నేమో.

నా వంతు వచ్చింది. రెండు మట్టి ముక్కలూ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. నింపాదిగా చెప్పాలనే వెళ్ళాను. మొదటి వరసలోంచి ఒక పెద్దమనిషి, "అమ్మా, ఈ మన్ను ముద్దలు పక్కన పెట్టు. వాడు బావులు కడిగినాడా లేదా, అది చెప్పు" అన్నాడు. ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"మీ కాళ్ళ కింద నేల పోతోంది, మీకు నవ్వొస్తోంది. తలుపులు ఎందుకు పడటం లేదో ఎప్పుడైనా అడిగారా? గోడలు ఎందుకు బీటలిస్తున్నాయో అడిగారా? ఎవరో నీలం రంగు చూపిస్తే గొర్రెల్లా తలలూపుతారా? మీకు ఇట్లాంటి పాలకులే తగినవాళ్ళు" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అన్నవన్నీ ఇక్కడ రాయలేను.

శ్రీహర్ష నా వైపు జాలిగా చూసి, "మేడం గారు అలసిపోయి ఉన్నారు" అన్నాడు. అంతే, అయిపోయింది. వరద వస్తే పంపులు పెట్టి ఒత్తిడితో నీళ్ళు దింపాలని తీర్మానం చేశారు. చేతులెత్తినవాళ్ళలో సగం మంది కింది వీధి వాళ్ళే.

బయట మెట్ల దగ్గర ఎర్రిస్వామి భార్య హంపక్క నిలబడి ఉంది. కింది వీధిలో టిఫిన్ అంగడి నడిపే మనిషి. వయసులో నాకంటే చాలా పెద్దది.

"అయిందా నీ కోపం?" అంది.

నేను మట్టి పళ్ళెం మెట్టు మీద పెట్టాను.

"నా మొగుడు లోపల ఉండాడు. నువ్వు ఒక్కదానివే వాని తరఫున మాట్లాడేదానివి. వీళ్ళను గొర్రెలంటివి. ఇంగ గొర్రెలు నీ మాట యాడ వింటాయి? నీ నోటికి నీళ్ళెక్కువైనాయి మేడం."

ఆమె వెళ్ళిపోయింది. నాకు శ్రీహర్ష మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపమూ ఎందుకూ పనికిరానిదే.


ఉత్తర కార్తె, మొదటి పాదం

ఎగువనున్న పరిశీలన కేంద్రాల నుంచి కబురు వచ్చింది. కొండల్లో పెద్ద వాన మొదలైంది, ఎల్లుండికి వరద మా కాలువ చేరుతుంది. పరిషత్తు పంపులు దింపింది. లావుపాటి పైపులు మూడు బావులకూ బిగిస్తున్నారు. మూడో బావి దగ్గర నేల మీద సన్నని పగులు ఒకటి కింది వీధి వైపు పోతోంది. కొబ్బరి పుల్ల పెట్టి చూస్తే పుల్ల మొత్తం దిగిపోయింది. ఆ పగుల్లోకి ఒత్తిడితో నీళ్ళు చేరితే లోపలి మట్టిని కోసుకుంటూ పోతాయి.

హంపక్క అంగడికి వెళ్ళాను. ఆమె ఉగ్గాని టిఫినుకు మరమరాలు, వాళ్ళ మాటలో బొరుగులు, తడుపుతోంది. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనా లేదు. తడిసిన బొరుగులను రెండు చేతులా గట్టిగా పిండి గిన్నెలో వేస్తోంది. సేరు బొరుగులు గుప్పెడయ్యాయి.

"హంపక్కా, మొన్న నేనన్నది తప్పే. ఆ మాట చెప్పి పోదామని రాలేదు. ఇంకో మాట ఉంది" అన్నాను.

"చెప్పు."

"నీ చేతిలో పిండిన బొరుగులున్నాయి కదా. వాటిని మళ్ళీ నీళ్ళలో వేస్తే ముందటి మాదిరి ఉబ్బుతాయా?"

"యాడ ఉబ్బుతాయి. ముద్దైపాయ."

"మన ఊరి కింద మన్ను అట్లనే అయింది. ఫ్యాక్టరీ పిండింది. ఇప్పుడు దాంట్లోకి పంపులతో నీళ్ళు తొక్కుతారంట."

ఆమె చేతులు ఆగాయి. పిండిన ముద్దకేసి చూసింది. పోపు మాడుతుంటే పొయ్యి తగ్గించింది.

"ఇది ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది కదా" అంది. "సరే. తాగకపోతే ఆ నీళ్ళు యాడికి పోతాయి?"

"పగుల్లోకి. మీ ఇండ్ల కిందికి."

"యాడికి పోవాల, అది చెప్పు."

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. హాలులో ఎవరూ అడగలేదు, అడిగేలా నేనూ మాట్లాడలేదు.

"గుండ్రాళ్ళ బయలుకు" అన్నాను. "అక్కడ కింద బంకమన్ను లేదు. అంతా గులకరాళ్ళు, లావు ఇసుక. అవి నలగవు. ఎంత పోసినా దిగుతుంది. పాత కాలువ దారి కూడా అటే. తలతూము తిప్పితే నీళ్ళు అటు మళ్ళుతాయి. కానీ అడ్డంగా ఫ్యాక్టరీ గోడ ఉంది."

హంపక్క ఉగ్గాని కలిపింది. తర్వాత ఒక గిన్నెలో పెట్టి నా ముందుకు తోసింది.

"గోడ ఇటుకదా, రాయిదా?"

"ఇటుకది."

"తిను" అంది.


ఉత్తర, రెండో పాదం

పొద్దున పదింటికి వరద వచ్చింది. ఎర్రటి నీళ్ళు, కొమ్మలు, ఒక తలుపు, కాళ్ళు పైకెత్తిన మేక. పంపులు మొదలుపెట్టమని శ్రీహర్ష ఆర్డరు. ఆపరేటరు నా మొహం చూశాడు. "ఆన్ చేయకు" అన్నాను. "మేడం, నా ఉద్యోగం పోతాది" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆన్ చేశాడు. నేను తలతూము తాళం తీసుకుని పరుగెత్తాను.

గోడ దగ్గరికి చేరేసరికి కింది వీధి మొత్తం అక్కడుంది. ఇన్ని ఇళ్ళ తలుపులు హంపక్క ఎప్పుడు తట్టిందో నాకు తెలియదు. గడ్డపారలు, సమ్మెటలు, కడాయి గరిటెలు కూడా తెచ్చారు. ఫ్యాక్టరీ కాపలావాడు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల అద్దాలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. వాటి మెరుపు గోడ మీదుగా మా కళ్ళలో పడుతోంది.

"పక్కకు జరుగు నాయనా" అంది హంపక్క.

"జరిగితే నన్ను తీసేస్తారమ్మా."

"జరగకపోతే మా ఇండ్లు పోతాయి. నీ ఇల్లు యాడుండాది?"

అతను తల వంచుకున్నాడు. "కింది వీధిలోనే" అన్నాడు, పక్కకు జరిగాడు. కొంచెంసేపటికి ఎవరి చేతిలోంచో సమ్మెట అందుకున్నాడు.

మేనేజరు బాల్కనీలోంచి పోలీసులకు ఫోను చేస్తూ ఉన్నాడు. గోడ మొదట ఇటుక ఇటుకగా, తర్వాత ఒక్కసారిగా పడింది. నేను పక్కనే కాలువ మీదున్న తూము తిప్పాను. తుప్పు పట్టిన చక్రం ఒక పట్టాన కదల్లేదు. ముగ్గురు ఆడవాళ్ళు నాతోపాటు వేలాడితే కదిలింది. వరద ఆగి, సందేహించి, పాత దారి గుర్తుకొచ్చినట్టు తూర్పుకు తిరిగింది.

నీళ్ళు ఫ్యాక్టరీ ఆవరణ దాటి గులకరాళ్ళ మీదికి పరుచుకున్నాయి. అక్కడ పెద్ద చప్పుడు లేదు. రాళ్ళ మధ్య ఇంకుతూ ఉడికే అన్నంలా సన్నగా గుడగుడలాడాయి. ముందుకు పోతున్న నీటి అంచు ఒక చోట ఆగిపోయింది. వెనక నుంచి ఎంత వస్తున్నా అది దాటి రాలేదు. వచ్చినంతా కిందికి పోతోంది. ఇంత నీరు ఇంత నిశ్శబ్దంగా భూమిలోకి దిగడం అక్కడున్నవాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే వెనక ఊరి వైపు నుంచి ధడేల్‌మని వినిపించింది. నేను తూము తిప్పేలోగానే పంపులు తొక్కిన నీళ్ళే చాలాయి. పగులు నోరు తెరిచింది. కింది వీధి ఉత్తరపు వరస, హంపక్క అంగడి, దాని వెనక వాళ్ళ ఇల్లు, పక్కనున్న ఇళ్ళు, నేలలోకి కూరుకుపోయాయి. ఆ వరసలో ఆ సమయంలో ఒక్క మనిషి లేడు. అందరూ గోడ దగ్గర ఉన్నారు.

హంపక్క గుంత అంచున నిలబడి చూసింది. ఏడవలేదు. "వాడొచ్చి యాడ పడుకుంటాడు?" అని మాత్రం అంది.


హస్త కార్తె, రెండో పాదం

పరిషత్తు ప్రకటన అన్ని తెరల మీదా వచ్చింది. "గుండ్రాళ్ళ బయలులో కొత్త ఇంకుడు క్షేత్రం: పరిషత్తు ముందుచూపు." ఇళ్ళు కూలడానికి కారణం ప్రకృతి. బావులు తాగకపోవడానికి కారణం ఇంకా ఎర్రిస్వామే. గోడ పగలగొట్టినవాళ్ళ మీద కేసులు లేవు. గోడ పరిషత్తే తీయించింది కదా మరి.

శ్రీహర్ష స్వయంగా మా కేంద్రానికి వచ్చాడు. గోడకు అంటించిన పరిషత్తు జవాబు కాగితం చదివాడు. బల్ల మీద ఇంకో కాగితం పెట్టాడు. పాతయేరు కింద చోటు తగ్గడం నిజమేననీ, అయితే అది ఎన్నో ఏళ్ళ కిందటి చిన్న భూకంపం వల్ల జరిగిందనీ నేను ధ్రువీకరించాలట.

"మీరన్నదే ఒప్పుకుంటున్నాం. కారణం ఒక్కటే వేరు" అన్నాడు. "సంతకం పెడితే పూడిక కేసు ఉండదు. ఎర్రిస్వామి రేపే ఇంటికి వస్తాడు."

"పెట్టకపోతే?"

"చట్టం తన పని తాను చేస్తుంది."

"భూకంపం అయితే ఫ్యాక్టరీ బోర్లు మూయనక్కర్లేదు కదా."

ఆయన మొదటిసారి కళ్ళు తిప్పుకున్నాడు. "ఒక మనిషి జీవితం మీ చేతుల్లో ఉంది మౌలాబీ గారూ. కోపంలో నిర్ణయం తీసుకోకండి."

ఒకరి మెడ మీద కత్తి పెట్టి, ఇంకొకరిని కోప్పడవద్దంటాడు. కాగితం అతని ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ సంతకం మీద హక్కు నాది కాదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని జైలుకు వెళ్ళాను.

ఎర్రిస్వామి చిక్కిపోయాడు. నేను విషయం మొత్తం చెప్పాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పెట్టేయి మేడం."

"అబద్ధం అది ఎర్రిస్వామీ."

"నిజంతో నాకేం పని? నిజం మీ ఆఫీసులో పెట్టుకోండి. నాకు నా ఇల్లు కావాల. మా ఇంట్లో పడుకుని నిద్రపోవాల, అంతే."

హంపక్క అతనికి చెప్పలేదన్నమాట. ములాఖత్తుకు వచ్చిన ప్రతిసారీ అంగడి బాగుందనీ, ఇల్లు బాగుందనీ చెప్పి వెళ్ళింది. ఇప్పుడు చెప్పాల్సింది నేనే. ఈ ఉద్యోగంలో ఇన్ని నివేదికలు రాశాను, ఇంత బరువు మాట ఎప్పుడూ చెప్పలేదు.

"ఇల్లు లేదు ఎర్రిస్వామీ. నేలలోకి పోయింది. అంగడి కూడా. హంపక్కకేం కాలేదు, క్షేమంగా ఉంది."

అతను ఊచలు పట్టుకున్నాడు.

"అయితే నువ్వు చెప్తా ఉండింది నిజమేనా? నేల దిగిందా?"

"దిగింది."

"మళ్ళా లేస్తాదా?"

"లేవదు."

"ఆ ఫ్యాక్టరీ ఇంగా తోడుతాండాదా?"

"తోడుతోంది."

అతను నా చేతిలో కాగితం వైపు చూశాడు.

"మిగిలిన ఇండ్లు కూడా పోతాయి కదా అట్లయితే" అన్నాడు. "పెట్టొద్దు. నేను ఉంటాలే."


చిత్త కార్తె, మూడో పాదం

సంతకం పెట్టలేదు. పెట్టనని రాసిచ్చి, కోర్టులో ఒకే ఒక్క కోరిక కోరాను. మూడు బావులూ అందరి ముందూ తెరిచి, కెమెరా అడుగు దాకా దింపండి. పూడిక ఉంటే నన్ను కూడా ఎర్రిస్వామి పక్కన కూర్చోబెట్టండి.

పరిషత్తు వాయిదాలు అడిగింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. కెమెరా దింపారు. అడుగు దాకా శుభ్రంగా ఉంది. అయితే పైపే ఒత్తిడికి నలిగి, ఒకచోట నొక్కిన డబ్బాలా వంకర పోయింది. నేల దిగుతూ పైపును కూడా లాగి విరిచింది. న్యాయమూర్తి తెర వైపు చూసి, "కడగకపోతే పైపు ఇలా వంగుతుందా?" అని అడిగాడు.

ఎర్రిస్వామి బయటికి వచ్చాడు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. శ్రీహర్షకు వేరే ఊరికి బదిలీ అయింది. బదిలీ అంటే శిక్ష కాదు, పైమెట్టు. ఫ్యాక్టరీ లోతు బోర్లలో రెండింటికి సీలు వేశారు. మూడోది "ఉత్పత్తి అవసరాల దృష్ట్యా" వదిలేశారు. ఆ మూడోదే అన్నింటికంటే లోతైనది.

భూమికలో పాత అంకె తీసి కొత్తది నా చేత్తోనే ఎక్కించాను. తెర మీద నీలం గిడ్డంగి సగానికి పైగా కుంచించుకుపోయింది. అది చూస్తుంటే గెలిచినట్టు లేదు. శవపంచనామా చేసినట్టు ఉంది.


స్వాతి కార్తె, మొదటి పాదం

నిన్న సామూహిక భవనంలో కొత్త నీటి వాటా చదివాను. మనిషికి సగం. గుండ్రాళ్ళ బయలు ఇచ్చేది కలుపుకున్నా సగమే. కొన్ని కుటుంబాలు వేరే ఊళ్ళకు పోక తప్పదు.

మెల్లగా, కఠినమైన మాట ఒక్కటీ లేకుండా చదివాను. మొదటి వరసలో ఆ పెద్దమనిషే లేచాడు.

"పాత వాటా మళ్ళా ఎప్పుడొస్తాదమ్మా?"

"రాదు."

"పెద్ద వానలు పడితే?"

"ఎంత పెద్ద వాన పడినా కింద చోటు లేదు. పోయిన చోటు ఎవరి కాలంలోనూ తిరిగి రాదు."

"మా మనవళ్ళ కాలానికైనా?"

"రాదు తాతా."

అతను కూర్చోలేదు. అటూ ఇటూ చూశాడు. "మూడో బోరు ఇంగా నడుస్తాండాదా?" అన్నాడు. నడుస్తోందని చెప్పాను. అతను పై పంచె భుజాన వేసుకుని తలుపు వైపు నడిచాడు. అతని వెనక మరొకరు, ఆ వెనక వరసలకు వరసలు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఫ్యాక్టరీ మూడో బోరు మీద ఇనుప మూత ఉంది, పెద్ద పందిరంత వెడల్పు. నిన్న హాలులోంచి లేచి నడిచిన జనం ఇప్పుడు దాని మీద కూర్చుని ఉన్నారు. పంపు కేబుళ్ళ మీద ఎర్రిస్వామి కాళ్ళు చాపుకున్నాడు. హంపక్క మూత నడిమధ్య పొయ్యి పెట్టింది. మేనేజరు వచ్చి వేడికి మోటారు పాడవుతుందన్నాడు. "పాడు కానీ" అంది ఆమె, గరిటె తిప్పడం ఆపకుండా. పోలీసులు వచ్చారు, లెక్కపెట్టారు, ఇంకొంతమందిని తీసుకురావడానికి వెళ్ళారు.

ఇందాక పరిషత్తు నుంచి నాకు తాఖీదు వచ్చింది. వెంటనే కేంద్రానికి తిరిగి రావాలనీ, లేకపోతే ఉద్యోగం ఉండదనీ. దినచర్య రాయాలన్నది ఉద్యోగ నియమం కనుక ఇవాళ్టిది ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. మూత కింద మోటారు వేడెక్కి ఆగిపోయి చాలాసేపయింది. ఇనుము ఇంకా వేడిగా ఉంది. అందరం కూర్చునే ఉన్నాం.